పగడం చేదు

సంధ్య పరుగెడుతోంది.

ఎడమపక్క బస్సు. కుడిపక్క కార్లు. మధ్యలో మనిషి పట్టీపట్టనంత సందు. ఆ సందులోనే వాన!

బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఒక్క చక్రం కూడా కదలడం లేదు. ఐటీ ఆఫీసులన్నీ ఒకేసారి వదిలారు. అందరూ హారన్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు. హారన్ కొడితే వాన ఆగుతుందన్నట్టు!

ఆమె చేతిలో ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో ఉప్పునీళ్ళు. నీళ్ళలో పగడం.

ఉంగరంలో పెట్టుకునే ఎర్రపూస కాదు... ప్రాణమున్న పగడం!

మూత సరిగ్గా పట్టలేదు. అడుగు పడినప్పుడల్లా నీళ్ళు చిమ్మి మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతున్నాయి. తుడుచుకునే తీరిక లేదు. వీపు మీద బ్యాగు. అందులో అమ్మ చీరలు, టిఫిన్ క్యారియర్. అవి దడదడమని వెన్నుకి కొట్టుకుంటున్నాయి.

వెనక నుంచి కేక.

"ఆగవే!"

భాస్కర్!

ఖాజాగూడలో అమ్మ వంట చేసే విల్లాకి మేనేజర్. తెల్ల చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కుడిచెయ్యి తొడకి ఆనించి పరుగెడుతున్నాడు. ఆ చేతిలో ఏదో కారు లైటు పడినప్పుడు మెరిసింది.

కత్తి!

సంధ్య పరుగులోనే ఫోన్ చెవికి ఆనించింది.

"ఎస్సై సార్! నేను సంధ్యను. బాలమ్మ బిడ్డను! భాస్కర్ నా ఎంటవడ్డడు సార్. కత్తి వట్టుకున్నడు!"

"ఎక్కడున్నవ్?" ఎస్సై రాకేష్ గొంతులో విసుగు.

"బయోడైవర్సిటీ కాడ. రాయదుర్గం మెట్రోకు ఉరుకుతున్న. ఆడికి రండి సార్!"

"ఈ ట్రాఫిక్ల ఎట్లొస్తనమ్మా?"

"నడిచి రండి! పగడం దొరికింది!"

"మల్లా అదే కథ! మీ అమ్మ వండిన చేపల పులుసు తిన్నడు, పెద్దాయన పోయిండు. రేపు పొద్దుగాల మీ అమ్మను కోర్టుల పెడుతున్నం. ఆధారం లేకుంటే నేనేం చెయ్యను?"

"అదే పులుసు అమ్మ గూడ తిన్నది సార్! బతికే ఉన్నది గద!"

లైను తెగింది. వస్తాడో రాడో తెలియదు. ఫోన్ జేబులో పడింది. పరుగు ఆగలేదు.

పెద్దాయన అంటే ఆ విల్లా యజమాని పట్టాభిరామయ్య. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, నడిపి, రిటైరయ్యాక పగడాల పిచ్చిలో పడ్డాడు. హాల్లో గోడంత అద్దాల తొట్టి. అందులో సముద్రం. పగడాలన్నీ భాస్కరే తెచ్చేవాడు. అన్నిటికీ కాగితాలున్నాయనేవాడు. ఒక్కదానికీ లేవు! సముద్రంలోంచి దొంగతనంగా కోయించి, నల్లగండ్ల నుంచి మియాపూర్ దాకా డబ్బున్న ఇళ్ళకి అమ్ముతున్నాడు. పెద్దాయనకి సంగతి తెలిసింది. ఫారెస్టు వాళ్ళకి చెప్తానన్నాడు. పగడం కోస్తే జైలే!

ఆ వారంలోనే పోయాడు. పోలీసులకి వంటమనిషి దొరికింది!

పెద్దాయన పోయిన రాత్రే అమ్మకీ దగ్గొచ్చింది. కాళ్ళు పీకాయి. నోట్లో ఇనుప రుచి అంది. పులుసు తింటే దగ్గెందుకొస్తుంది? సంధ్య అక్కడే పట్టుకుంది.

ఆమె పని అదే. హైటెక్ సిటీలో ఒక ల్యాబులో కెమిస్టు. పగడాలు, స్పాంజిలు, సముద్రపు నత్తలు... వాటి ఒంట్లో ఏముందో చూడటమే ఉద్యోగం. వాటిల్లో చాలావరకు పరుగెత్తలేవు. తిరగబడి కొట్టలేవు. అందుకే ఒంట్లోనే మందు వండుకుంటాయి. కొన్నిటి మందు క్యాన్సర్‌కి పనికొస్తుంది. కొన్నిటిది ఊరికే చేదు. ఒకటి మాత్రం ఉంది... చొక్కా గుండీలు పేర్చినట్టుంటుంది. గుండీ పగడం! దాని విషం గుండెని ఆపేస్తుంది.

అది పెద్దాయన తొట్టిలో ఉంది. పోలీసులతో అంది. "ఆ పగడాన్ని టెస్టు చెయ్యండి" అని మొత్తుకుంది. రాయిలో విషమేంటని నవ్వారు.

ఇవాళ భాస్కర్ తొట్టి ఖాళీ చేస్తున్నాడని తెలిసింది. అమ్మ సామాను తెచ్చుకుంటానని చెప్పి లోపలికెళ్ళింది. పని అయ్యేసరికి గేటు దగ్గర భాస్కర్ కారు చప్పుడు!

అదిగో మెట్రో!

డబ్బాని దాచుకోలేదు. తల మీదికెత్తి పట్టుకుని మెట్లెక్కింది. వెనక వాడి బూట్ల చప్పుడు.

పైన సెక్యూరిటీ చెక్. మెటల్ డిటెక్టర్ గుమ్మం. సంచులు స్కాన్ చేసే బెల్టు.

సంధ్య ఇక్కడిదాకా పరుగెత్తింది ఈ గుమ్మం కోసమే. కత్తితో దీన్ని దాటలేడు!

బ్యాగు బెల్టు మీద పడేసింది. గుమ్మం దాటింది.

భాస్కర్ గుమ్మం ముందు ఆగాడు. అటూ ఇటూ చూశాడు. పక్కనున్న పూలకుండీలోకి వంగాడు. లేచేసరికి చేతులు ఖాళీ!

దాటేశాడు.

చేతిలో కత్తి లేకపోతేనేం. నోరుంది కదా!

"పట్టుకోండి దాన్ని! దొంగది!"

జనం ఆగారు. ఫోన్లు లేచాయి.

"మా ఇంట్లో దొంగతనం చేసి పారిపోతోంది! వీళ్ళమ్మే మా సార్‌కి విషం పెట్టింది. టీవీలో చూళ్ళేదా?"

అందరి కళ్ళూ సంధ్య మీద. తడిసిన జుట్టు, తెగిన చెప్పు. ఆ కళ్ళల్లో తీర్పు అయిపోయింది!

సెక్యూరిటీ గార్డు రాజయ్య అడ్డమొచ్చాడు. తెల్లమీసాల మనిషి.

"బిడ్డా, డబ్బాల ఏంది?"

"పగడం తాతా. దీన్ని ముట్టుకోనియ్యకు వాన్ని!"

అంతే. భాస్కర్ దూకాడు. డబ్బా లాక్కున్నాడు. నీళ్ళు నేలపాలయ్యాయి.

"ముట్టుకోకు!" సంధ్య అరిచింది. "ఒట్టి చేత్తో ముట్టుకోకు!"

వాడు నవ్వాడు. ఆమె కళ్ళలోకి చూస్తూనే పగడాన్ని పిడికిట్లో పిండేశాడు. అది మెత్తగా నలిగింది. వేళ్ళ సందుల్లోంచి జిగురు కారింది. నేలకేసి కొట్టాడు. బూటు కింద వేసి తొక్కాడు.

"అయిపోయింది నీ ఆధారం. ఇగ పో! పోయి కోర్టుల చూపెట్టు!"

బెల్టు చివర బ్యాగుంది. జిప్పు లాగాడు. చీరలు తీసి విసిరాడు. టిఫిన్ క్యారియర్ చేతికొచ్చింది. దాని చుట్టూ టేపు. ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు.

"థూ! చేపల కంపు. అంట్లగిన్నెలు గూడ ఇడువదు! తీస్కపో. జైల్ల మీ అమ్మకు గిండ్లనే బువ్వ పెట్టు!"

విసిరేశాడు.

సంధ్య రెండు చేతులా పట్టుకుంది. చంటిపిల్లని పట్టుకున్నట్టు గుండెలకి హత్తుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మని అన్న మాటకి వాడి గొంతు పిసకాలనుంది. పళ్ళు బిగించి నిలబడింది.

భాస్కర్‌కి ఇప్పుడు తొందర లేదు. జేబులోంచి ఖైనీ పొట్లం తీశాడు. అరచేతిలో పోసుకున్నాడు. సున్నం కలిపాడు. బొటనవేలితో నలిపాడు.

జిగురంటిన అదే అరచేయి!

"సార్, ఇక్కడ నమలద్దు," అన్నాడు రాజయ్య.

"జర ఆగు తాతా."

"నోట్ల పెట్టుకోకు!" సంధ్య అంది. "చెయ్యి కడుక్కో ముందు. విషం!"

భాస్కర్ నవ్వుతూనే ఖైనీ పెదవి కింద దోపుకున్నాడు.

"ఎవలకు చెప్తున్నవే? ఉడకబెడితేనే విషం. ఆ ఆవిరి పీలిస్తేనే పోతరు. సల్లగున్నది ఏం జెయ్యది!"

ఫోన్లు ఇంకాస్త దగ్గరికొచ్చాయి.

సంధ్య మెల్లగా అంది. "ఉడకబెట్టుడా? ఆ మాట నేను ఎవ్వలకు చెప్పలే. పోలీసులకు గూడ చెప్పలే."

రాజయ్య మీసం కదిలింది. "ఏం ఉడకబెట్టిర్రు సార్?"

భాస్కర్ నోరు తెరిచాడు.

చేదు!

నాలుక మీద, అంగిట్లో, గొంతులో... ఖైనీ చేదు కాదు. వేరే ఏదో! తుపుక్కున ఉమ్మాడు. మళ్ళీ ఉమ్మాడు. పోవడం లేదు!

"నోరు చేదైతున్నదా?" సంధ్య ఒక అడుగు ముందుకేసింది. "పెదవి మండుతున్నదా?"

మండుతోంది!

"గుండె దడదడ కొట్టుకుంటున్నదా?"

వాడి చెయ్యి ఛాతీ మీదికెళ్ళింది. కొట్టుకుంటోంది. డప్పు కొట్టినట్టు! మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

పెద్దాయన కూడా ఇలాగే ఛాతీ పట్టుకున్నాడు. తలుపు సందులోంచి వీడు చూశాడు.

"మందు... మందు చెప్పు!"

"దానికి మందు లేదు. ఏం విషమో డాక్టరుకు తెలిస్తే గుండె ఆగకుంట చూస్కుంటరు. తెలవకుంటే పోతవ్."

"చెప్పు మరి! అంబులెన్స్ పిలువు! నువ్వే చెప్పు!"

"నేను దొంగను గద? విషం పెట్టినామె బిడ్డను గద?" ఆమె గొంతులో జాలి లేదు. ఉండాల్సిన పని కూడా లేదు. "నా మాట ఎవలు నమ్ముతరు? నువ్వే చెప్పు. గట్టిగ చెప్పు!"

"గుండీ పగడం!" వాడు కేక పెట్టాడు. "గుండీ పగడం విషం! నేనే ఉడకబెట్టిన! పెద్దాయన రూంల పెట్టి బయట గొళ్ళెం ఏసిన! ఫారెస్టోల్లకు చెప్తనన్నడు... అందుకే! బాలమ్మకు ఏం తెల్వది! పాపం ఆమెకేం తెల్వది! నన్ను బతికించుండ్రి!"

స్టేషన్ అంతా వింది. ఫోన్లన్నీ విన్నాయి.

గుంపు వెనక నుంచి ఒకాయన తోసుకుంటూ వచ్చాడు. ఖాకీ బట్టలు వానకి ముద్దయ్యాయి. మోకాళ్ళ దాకా బురద. నడిచే వచ్చాడు!

ఎస్సై రాకేష్.

భాస్కర్ని చూశాడు. నేల మీది జిగురుని చూశాడు. రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అంబులెన్స్ కావాలె, అర్జెంట్..."

"అక్కర్లేదు సార్," అంది సంధ్య. "గ్లాసెడు మంచినీళ్ళిచ్చి పుక్కిలించమనుండ్రి."

భాస్కర్ తలెత్తాడు.

"అది మెత్తపగడం సార్. చేపలు కొరకకుంట ఒంట్ల చేదు పెట్టుకుంటది. గంతే. మనిషిని చంపది."

"మరి పెదవి మంట?" ఎస్సై గుంపు వెనక నుంచి అంతా విన్నాడు.

"ఖైనీల సున్నం. రోజూ మండేదే. ఇయ్యాల పట్టించుకున్నడు."

"గుండె దడ?"

"ఖాజాగూడ నుంచి ఉరికొచ్చిండు గద సార్!"

రాజయ్య ఫక్కున నవ్వి, తప్పు చేసినవాడిలా మూతి తుడుచుకున్నాడు.

భాస్కర్ నవ్వలేదు. వాడి కళ్ళు తిరుగుతున్నాయి. డబ్బా మీదికి. ఆమె ఒట్టి చేతుల మీదికి. మోచేతి దాకా ఆరిన ఉప్పు చారల మీదికి. విషమైతే ఈ పిల్ల అలా కారనిస్తుందా? మెల్లగా, చాలా ఆలస్యంగా, వాడికి లెక్క తేలుతోంది.

తొట్టిలోంచి రెండు తీసింది!

ఒకటి వాడు చూడటానికి. ఇంకోటి... అసలుది...

వాడి చూపు టిఫిన్ క్యారియర్ మీద ఆగింది. చుట్టూ టేపు. ఒకటి కాదు, పొరలు పొరలుగా.

లేచాడు. ఒక్క ఉరుకు ఉరికాడు!

ఎస్సై చెయ్యి వాడి కాలర్‌ని అందుకోలేకపోయింది. రాజయ్య లాఠీ గాలిలో తిరిగింది. భాస్కర్ రెండు చేతులూ క్యారియర్ మీదికి వచ్చాయి...

జానెడు దూరంలో ఆగిపోయాయి!

సంధ్య వెనక్కి జరగలేదు. క్యారియర్‌ని వాడి ముందుకే చాపింది.

"సల్లగున్నది ఏం జెయ్యదన్నవ్ గద?"

వాడి వేళ్ళు గాలిలోనే ఉన్నాయి. ముందుకి రావు. వెనక్కి పోవు.

"ముట్టుకో!"