ఆరో రేకు

చలికాలం ఆ ఇంట్లోకి క్యాలెండరును చూసుకుని రాదు. అత్తగారు అటక మీది అట్టపెట్టెను కిందికి దించమన్న రోజున వస్తుంది. అంతకుముందు పళ్లు టకటకలాడినా సరే, అది చలి కింద లెక్క కాదు. తొందరపడి బీరువాలోంచి స్వెట్టరు తీసినవాళ్లని ఆవిడ "అప్పుడేనా?" అన్నట్టు ఒక చూపు చూస్తుంది. వాళ్లు మళ్లీ మడతపెట్టి లోపల పెట్టేస్తారు.

పెట్టె దిగిందంటే ఇక ఇల్లంతా ఆవిడదే. కిటికీలకు ముదురు ఎరుపు తెరలు వస్తాయి. కుర్చీల మీదికి అతుకుల దుప్పట్లు చేరతాయి. ఎండుకాయలూ ఎండుటాకులూ కలిపి చుట్టిన వలయం వీధితలుపుకి, కాగితంతో కత్తిరించిన నక్షత్రాలు దీపాల కిందకీ వెళ్తాయి. అన్నిటికన్నా పెద్దపీట మాత్రం హాలు కిటికీది. దానికి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఉన్నిపూల దండ వేలాడాలి. అదీ ఏటా కొత్తగా అల్లిన పూలతోనే. పాతపూలు దిండ్లకీ, టీకప్పుల కిందకీ, తాళంచెవులకీ పంచబడతాయి. ఫ్రిజ్‌లు బాగుచేసే కొడుకు పనిలో స్క్రూడ్రైవరు తీస్తే దాని పిడికి గులాబీరంగు పువ్వొకటి ఊగుతూ ఉంటుంది. తోటి మెకానిక్కులు దాన్ని చూసి నవ్వడం మానేసి చాలాకాలమైంది.

ఆ రోజు కూడా మామూలుగానే తెల్లవారింది. కిటికీ అద్దానికి మంచు పొగలా పట్టింది. కోడలు వంటింట్లో టీ మరిగిస్తోంది. కొడుకు స్నానాలగది ముందు నిలబడి, చలికాలంలో ఎవరి ఫ్రిజ్జూ చెడిపోదేమిటని లోకాన్ని తిట్టుకుంటున్నాడు. మనవరాల్ని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. బళ్లో ఇంకేదో పేరుంది గానీ దానికి పలికే అలవాటు ఆ పిల్లకే సరిగా లేదు. ఆ పిడుగు సోఫా వీపు మీదికెక్కి, దండలోని పూలను ఒక్కొక్కటే వేలితో తడుముతోంది.

"లేదు నానమ్మా."

"సరిగ్గా చూడవే."

"సరిగ్గానే చూశా. ఇవాళా లేదు."

అత్తగారు చేతిలోని క్రోషియా సూదిని బుట్టలో పెట్టింది. కాసేపు తన చేతుల్నే చూసుకుంది. తర్వాత లేచి, స్టూలు లాక్కుని, దండకి కట్టిన ముడి విప్పడం మొదలుపెట్టింది.

టీ పళ్లెంతో వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. దండ దిగిందంటే ఆ ఇంట్లో చలికాలం అయిపోయినట్టు. బయట చూస్తే ఇంకా సగం కూడా కాలేదు.

"ఏంటత్తయ్యా, దుమ్ము పట్టిందా?"

"దుమ్ము కాదు. పెట్టె పట్రా అమ్మాయ్."

కొడుకు తల తుడుచుకుంటూ వచ్చాడు. "అదేంటమ్మా, చలి వెళ్లిపోయిందా? నాకు ఒక్క మాటైనా చెప్పలేదే!"

ఎవరూ నవ్వలేదు. అత్తగారు దండను చుట్టగా చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"ఒరేయ్, అలా కూర్చో. నీతో మాట్లాడాలి."

ఆవిడ రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. కానీ మాట్లాడాలని ముందే చెప్పి మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కొడుకు తడి తువ్వాలు మెడలో ఉండగానే కూర్చున్నాడు.

"నన్ను డాక్టరుకి చూపించు. మతిమరుపు డాక్టర్లుంటారట కదా, వాళ్లకి."

"మతిమరుపా, నీకా? నేను ఐదో క్లాసులో పోగొట్టిన గొడుగు రంగు నిన్న కూడా చెప్పావు."

"గొడుగు గుర్తుంది. నిన్న సాయంత్రం ఏం చేశానో గుర్తుండటం లేదు." ఆవిడ గొంతు తగ్గింది. "దండలో పూలన్నిటికీ ఐదు రేకులు. ఒక్కదానికి మాత్రం ఆరు వేస్తాను, కనిపెడితే అది నీదే అని పిడుగుతో పందెం కట్టాను. మా ఇద్దరి రహస్యం. ఆరు రేకులు అల్లాను. వేలితో తడిమి లెక్కపెట్టుకుని మరీ బుట్టలో వేశాను. మర్నాడు దండకి కట్టాక ఆరు రేకులది లేదు. పొరబడ్డానేమోలే అని ఇంకోటి అల్లాను. అదీ లేదు. ఈసారి గుర్తుండాలని ఎర్ర ఉన్నితో అల్లాను. ఎర్రపువ్వు ఉందిరా. రేకులు ఐదే."

కోడలు ఉన్నిబుట్ట వైపు చూసింది.

"అదొక్కటే కాదు. పువ్వు వెనక ముడి నేనెప్పుడూ కుడివైపుకే వేస్తాను. చూస్తే కొన్నిటికి ఎడమవైపు ఉంటోంది. చేసింది చేయలేదనిపిస్తోంది, చేయనిది చేశాననిపిస్తోంది. మా అమ్మ ఇలాగే మొదలెట్టింది. ముందు తాళంచెవులు. తర్వాత పొయ్యి ఆర్పానా లేదా అని. ఆఖరికి నన్ను చూసి, పక్కనున్నావిడతో, 'ఈ అమ్మాయెవరో పాపం మంచిది, టీ ఇచ్చింది' అంది."

పిడుగు సోఫా దిగి వచ్చి నానమ్మ చీరకుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది.

కోడలు ప్రూఫులు దిద్దుతుంది. ఇంట్లోనే కూర్చుని, పుస్తకాలు అచ్చుకి వెళ్లేముందు తప్పులు ఏరుతుంది. ఒత్తు ఒకటి జారితే ఆమెకు పంటికింద రాయి పడ్డట్టుంటుంది. ఒకసారి జ్వరంతో మందులషాపుకి వెళ్లి, బోర్డు మీద దీర్ఘం లేదని చెప్పి, మందులు కొనడం మర్చిపోయి వచ్చింది. ఇంట్లో అందరికన్నా ముందు లేచి బల్ల ముందు కూర్చుంటుంది. ఆ బల్ల పక్కనే అత్తగారి ఉన్నిబుట్ట.

ఈ చలికాలం మొదట్లో ఒకరోజు బుట్టలో నాలుగు రేకుల పువ్వు కనబడింది. తర్వాత ఒక రేకు చిన్నది, ఒక రేకు పెద్దది. అల్లిక నేర్పింది అత్తగారే. దారం కాస్త వదులైతే విప్పించి మళ్లీ అల్లించిన మనిషి. వీధిలో పోయేవాళ్లు ఆ కిటికీ ముందు ఆగి చూస్తారు. ఎవరైనా ఒక్క నవ్వు నవ్వితే ఆవిడ తట్టుకోలేదనుకుంది కోడలు. అదే ఉన్నితో విప్పి, సరిగ్గా అల్లి, మళ్లీ బుట్టలో పెట్టేసింది. రోజూ పెడుతూనే ఉంది. అది సాయమనిపించింది. చెప్పకపోవడం మర్యాద అనిపించింది. ఆరు రేకులది మొదటిసారి దొరికినప్పుడు విప్పేసింది. మూడోసారి దొరికినప్పుడు, పాపం అత్తయ్యకి లెక్క కూడా తప్పుతోందనుకుని కళ్లు తుడుచుకుని మరీ విప్పింది.

"సరే అమ్మా, కంగారుపడకు." కొడుకు ఫోన్ తీశాడు. అతని వేళ్లు మాత్రం కంగారుగానే ఉన్నాయి. "మా మేనేజరు వాళ్ల నాన్నని ఎవరికో చూపించారు. ఇప్పుడే కనుక్కుంటా."

రేపు పొద్దున్నే ఆరు రేకుల పువ్వొకటి అల్లి బుట్టలో పడేస్తే చాలు. కోడలికి ఆ ఆలోచన మెరుపులా వచ్చింది. పువ్వు దొరుకుతుంది, పిడుగు గెంతుతుంది, అత్తగారు ఊపిరి పీల్చుకుంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నిజం చెబితే రెండు నిజాలు చెప్పాలి. మీ మతి పోలేదు అన్నది ఒకటి. కానీ మీ పని పాడవుతోంది అన్నది రెండోది. అల్లి పడేయడమే నయమనిపించింది. ఎంత తేలిగ్గా అలా అనిపించిందో గమనించుకుని ఆమెకు భయం వేసింది.

"అమ్మాయ్," అంది అత్తగారు. "వీడికి ఏమీ కనబడదు. నేను గుండు చేయించుకుని తిరిగినా, 'అమ్మా, ఏదో కొత్తగా ఉన్నావే' అంటాడు. నీ కంట్లోంచి కామా కూడా తప్పించుకోదు. నువ్వు చెప్పు. నాలో ఏదైనా తేడా వచ్చిందా?"

అవతల ఫోను మోగుతున్న చప్పుడు గదిలోకి వినిపిస్తోంది.

"ఏవండీ, ఫోన్ పెట్టెయ్యండి." కోడలు పళ్లెం బల్ల మీద పెట్టింది. "అత్తయ్యా, ఆ పూలు నేను విప్పాను."

"ఏమన్నావ్?"

"ఆరో రేకు తప్పనుకున్నాను. విప్పి, ఐదుకి సరిచేశాను. మూడుసార్లూ నేనే."

అత్తగారు ఒళ్లోని దండను తిరగేసింది. ఒక పువ్వు వెనక వేలు పెట్టి తడిమింది. ఇంకో పువ్వు వెనక తడిమింది.

"ఎడమవైపు ముడి," అంది మెల్లిగా. "నీది ఎడమచేతి వాటం. అదైనా తట్టలేదే నాకు."

"మీకు తెలిస్తే బాధపడతారని..."

"దిద్దావన్నమాట. నన్ను. నేనేమైనా నీ ప్రూఫు కాగితాన్నా? ఎవరూ లేవకముందే కూర్చుని తప్పులు ఏరడానికి?"

"లేదత్తయ్యా..."

"నీకు తెలుసా? నేను రోజూ పడుకునే ముందు నా పేరు చెప్పుకుని పడుకుంటున్నాను. నా పేరు, వీడి పేరు, దీని పేరు, నీ పేరు. పొద్దున కళ్లు తెరవకముందే మళ్లీ చెప్పుకుంటున్నాను, ఏదైనా రాలిపోయిందేమోనని. బళ్లో పాఠం అప్పజెప్పినట్టు! వణుక్కుంటూ!"

కోడలు ఒక అడుగు ముందుకు వేసింది.

"అంత మాటెందుకమ్మా," అని కొడుకు మధ్యలో దూరాడు. "తను మాత్రం మంచికే కదా..."

"నువ్వాగు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అతను ఆగాడు. తువ్వాలుతో మళ్లీ తల తుడుచుకున్నాడు, అది ఎప్పుడో ఆరిపోయినా సరే.

అత్తగారి కోపం ఒక్క క్షణం నిలిచి, ఇంకేదో గుర్తొచ్చినట్టు మొహం మారింది. "ఉండు. ముడులు చాలావాటికి ఎడమవైపే ఉన్నాయి. నేను ఆరు రేకులు వేసింది మూడే. మిగతావెందుకు విప్పావు?"

కోడలు నేలవైపు చూసింది.

"అడుగుతుంటే చెప్పవేం?"

"కొన్నిటికి నాలుగే రేకులున్నాయత్తయ్యా. కొన్ని పెద్దా చిన్నా వచ్చాయి."

"అవి నేను కావాలని వెయ్యలేదు."

"తెలుసు."

"ఎన్ని?"

"చాలా."

ఆ మాటకి గది మరింత చల్లబడ్డట్టయింది. అత్తగారు దండలోంచి ఒక పువ్వుని పట్టుకుని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. దూరంగా పట్టుకుంది. కిటికీ వెలుతురుకి తిప్పింది.

"ఇదే నేను గుర్తుకోసం అల్లిన ఎర్రపువ్వు. ఎర్రదే కదా?"

పిడుగు వంగి చూసింది.

"నారింజరంగు నానమ్మా," అంది పిడుగు. "నేనప్పుడే చూశా. నువ్వు ఎర్ర అన్నావుగా, పెద్దదానివి పోనీలే అని ఊరుకున్నా."

అత్తగారు పిడుగుని చూసింది, పువ్వుని చూసింది, కొడుకుని చూసింది.

"అయితే పోయింది బుర్ర కాదు. కళ్లు!"

మొదట చిన్న నవ్వు వచ్చింది ఆవిడకి. అది పెద్దదైంది. పెద్దదవుతూ అవుతూ ఎక్కడో దారి తప్పి ఏడుపైంది. దండలో మొహం దాచుకుని, భుజాలు కదిలిపోతుంటే ఏడ్చింది. కోడలు చల్లటి నేల మీద ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది.

"నన్ను క్షమించండత్తయ్యా."

"దాని సంగతి తర్వాత చూద్దాం." అత్తగారు ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు నాకు కోపంగా ఉంది. టీ ఇవ్వు."

"చల్లారిపోయింది. వేడిచేస్తాను."

"చెయ్యి. నా బుట్ట జోలికి మాత్రం వెళ్లకు."

కళ్లడాక్టరు రెండు కళ్లకీ శుక్లాలున్నాయన్నాడు. చలి తగ్గాక తీసేద్దాం, భయపడాల్సిందేమీ లేదన్నాడు. తిరిగొస్తూ అత్తగారు ఆ మాటని ఇంటిదాకా నెమరేసుకుంటూనే ఉంది. కోడలితో మాత్రం ఉప్పు, చెంచా, తలుపు లాంటి మాటలు తప్ప ఇంకేం మాట్లాడలేదు. కొన్నాళ్లు ఇల్లు అలాగే గడిచింది. కిటికీ బోసిగా ఉంది. వీధిలోవాళ్లు ఆగి, లోపల కొడుకు బనీనుతో కనబడేసరికి మళ్లీ నడిచి వెళ్లిపోయేవారు.

ఒక మధ్యాహ్నం బయట మంచు విడవలేదు. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. కోడలు ప్రూఫు కాగితాల ముందు కూర్చుంది గానీ ఎర్రకలం కదలడం లేదు. అత్తగారు ఉన్నిబుట్ట తెచ్చి ఆ కాగితాల మీదే ధన్‌మని పెట్టింది.

"ఒక షరతు. నేను అడిగితేనే చెప్పాలి. అడిగినప్పుడు మాత్రం నిజం చెప్పాలి. చాటుగా చెయ్యి పెట్టావో, నీ కాగితాల్లో నేను దీర్ఘాలు చెరిపేస్తాను. చూపు సగమే ఉన్నా ఆపాటి చెయ్యగలను."

"సరే అత్తయ్యా."

ఆ సాయంత్రం దండ మళ్లీ కిటికీకి ఎక్కింది. కోడలు స్టూలు మీద నిలబడి కడుతోంది. అత్తగారు కింద నుంచి ఒక్కో పువ్వూ అందిస్తోంది. పిడుగు నానమ్మ కొత్తగా అల్లిన ఆరు రేకుల పువ్వుని కనిపెట్టి, అది పట్టుకుని ఇంటి చుట్టూ రెండుసార్లు పరిగెత్తి, తండ్రి స్క్రూడ్రైవరుకి కట్టడానికి వెళ్లిపోయింది.

అత్తగారు చివరి పువ్వుని అందించబోయి ఆగింది. వేలితో తడిమింది.

"దీనికెన్ని? నాలుగా, ఐదా?"

కోడలు చూసింది. "నాలుగు."

"ఊఁ."

"విప్పమంటారా?"

"అక్కర్లేదు. అది నా చేతిది. అలాగే కట్టు, మధ్యలో. లెక్కపెట్టేవాళ్లు లెక్కపెట్టుకుంటారు."

కోడలు పువ్వు అందుకుంది. అడిగింది: "అత్తయ్యా, ఇంకా పేర్లు చెప్పుకుంటున్నారా, పడుకునే ముందు?"

"మానేశాను." అత్తగారు స్టూలు కాలుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "నీ పేరొక్కటి మానలేదు. మొదట్లో తిట్టుకోవడానికి చెప్పుకునేదాన్ని. ఇప్పుడు అలవాటైపోయింది."

కోడలు దండ మధ్యలో ఆ పువ్వుని కట్టింది. ముడి కుడివైపుకి వేసింది. అచ్చుతప్పుని అర కిలోమీటరు నుంచి పట్టుకునే ఆ కళ్లకి, అంత దగ్గర్లో, ఆ పువ్వుకి ఎన్ని రేకులున్నాయో కనబడలేదు.