డీజిల్ తాగని గడ్డ

రాయి పగలకపోతే పేలుడు మందు దొంగిలించినట్టేనా? పదిహేనేళ్లుగా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లిడియాను ఈ సందేహం వదల్లేదు. ఆ నింద మీదే ఆమె తండ్రిని ఒకప్పుడు క్వారీ పనిలోంచి గెంటి, లాకప్‌లో పెట్టారు.

మే పన్నెండు. ఉదయం 10.20. పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీ.

ముందురోజు బ్లాస్టింగ్‌లో రాయి బీట కూడా వారలేదు. బ్లాస్టర్ యేసుపాదం మందు అమ్ముకున్నాడని మేనేజర్ సీతారామాంజనేయులు ఫిర్యాదు చేశాడు. సాయంత్రంలోగా అరెస్టు చేయాలని పట్టు.

"వీడా, మందు గట్టిపడింది, పేలదని నాకు చెప్పేది! సైంటిస్టు!" అన్నాడు మేనేజర్.

యేసుపాదం ఆఫీసు గది గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రానిచ్చే అలవాటు అక్కడ లేదు.

"మందు ఎక్కడ ఉంచుతారు?" అడిగింది లిడియా.

"రేకుల గోడౌన్‌లో. రోజూ రెండింటికి రేకుల మీద నీళ్లు కొట్టిస్తా. డాబా తడుపుకోమా? అలాగే. ఐడియా నాదే."

టెంపరేచర్ రిజిస్టర్ తెప్పించింది. 1.30కి 43 డిగ్రీలు. 3.00కి 29. రోజూ అంతే.

టేబుల్ మీద కాగితాలపై తెల్లని గడ్డ.

"ఇదేంటండి?"

"క్వారీ రాయి. పేపర్‌వెయిట్."

తిరగేసింది. అడుగున సంచి నేత అచ్చు.

"రాయి సంచిలో పెరుగుతుందాండి?"



"మందు సంచిలోంచి నేనే తెచ్చి చూపించానమ్మా," అన్నాడు యేసుపాదం.

లిడియా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు ఫోన్ చేసింది. 11.50కి అందరినీ పిలిచింది. కొత్తగా వచ్చిన లోడ్‌లోని మందు గింజ మీద డీజిల్ చుక్క వేసింది. ఇంకిపోయింది. గడ్డ మీద వేసింది. జారిపోయింది.

"ఇది అమ్మోనియం నైట్రేట్. ముప్పై రెండు డిగ్రీల దగ్గర దీని స్ఫటికంలో అమరిక మారుతుంది. గింజ ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. మీరు రోజూ ఆ గీత అటూ ఇటూ దాటించారు. గింజ పొడై గడ్డ కట్టింది. డీజిల్ పీల్చే చిల్లులు పూడిపోయాయి, డీజిల్ పీల్చనిదే ఇది పేలదు. పదార్థం అదే, అమరికే పోయింది. మీరు పోయిందన్న మందు ఇంకా రాతిలోనే ఉంది. ఎవర్నీ అటు వెళ్లనివ్వకండి."

"అంటే... నీళ్లు కొట్టడం నేరమా?"

"తెలియకపోవడం నేరం కాదండి. తెలిసి చెప్పినవాణ్ణి దొంగను చేశారు. ఫిర్యాదు మీద సంతకం మీదే. స్టేషన్‌కు పదండి."

మేనేజర్ జీపెక్కాడు. లిడియా గొంతు తగ్గింది.

"బాబాయ్, నాన్నా మీరూ కలిసి పనిచేసిన గోడౌన్‌కీ నీళ్లు కొట్టేవారా?"

"రోజూనమ్మా."

ఆమె బ్యాగులోంచి పాత స్టీలు క్యారేజీ తీసింది. మూత మీద యేసుపాదం భార్య పేరు 'పుల్లమ్మ' అని చెక్కి ఉంది.

"నాన్న లాకప్‌లో ఉన్నప్పుడు పిన్ని అన్నం పంపింది ఇందులోనే. నాన్న మీద పడ్డ మచ్చ కడగకుండా మీ గుమ్మం తొక్కలేకపోయా."

"ఓసి పిచ్చిపిల్లా! పదిహేనేళ్లా? మీ పిన్ని ఈ క్యారేజీ కోసం ఇప్పటికీ వెతుకుతానే ఉంది."

అందుకోగానే బరువు తెలిసింది. మూత తీశాడు. గోంగూర కలిపిన అన్నం.

"ఖాళీ గిన్నె ఎవరైనా తిరిగిస్తారా, బాబాయ్?"

యేసుపాదం లోపలికి వచ్చి కూర్చున్నాడు. కళ్లు మూసుకుని ప్రార్థించాడు. తర్వాత మేనేజర్ టేబుల్ మీదే ముద్ద కలిపాడు.