బోర్డులున్నవి జాగ్రత్త

"ఏటండీ, చదవడం రాదా మీకు?"

స్కూటర్‌కి స్టాండు వేస్తున్న డానీ తలెత్తాడు. గేటు లోపల, మొక్కలకి నీళ్లు పోసే మగ్గుతో ఒకమ్మాయి నిలబడి ఉంది. మగ్గు తన వైపు వంగి ఉండటం అతనికి నచ్చలేదు. అమ్మాయి నచ్చింది.

జ్ఞానాపురంలో ఆ గేటుకున్నన్ని బోర్డులు రైల్వే స్టేషన్‌కి కూడా ఉండవు. 'గేటు ముందు బండ్లు నిలపరాదు' ఒకటి. 'కుక్కలున్నవి జాగ్రత్త' ఇంకొకటి. 'మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు' అని ఎర్రక్షరాలతో మరొకటి. అన్నిటికీ పైన 'ప్రభువే ఈ ఇంటి కాపరి'. పైవాడి మీద అంత నమ్మకముంటే కింది మూడూ ఎందుకో డానీకి అర్థం కాలేదు గానీ, అడిగే సమయం కాదు.

"ఇప్పుడే తీసేస్తానండి. మీ ఎదురింటి మేడ మీద గదిలోకి అద్దెకొచ్చాను. పేరు డానీ. మాది భీమిలి. పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో..."

"పెళ్లిచూపులకి రాలేదు కదా. బండి తీయండి చాలు."

"తీస్తన్నాను. కుక్కలేవండీ?"

"పడుకున్నాయి."

"నానొచ్చి వారమైంది. ఒక్కసారీ మొరగలేదు."

"వారం నుంచి మా ఇంటికేసి చెవులు పెట్టుక్కూర్చున్నారా?"

డానీ గబగబా స్టాండు తీశాడు. ఆమె గేటు మీది కెమెరాను మగ్గుతో చూపించింది. అందులో ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది.

"ఇక్కడ ఏం జరిగినా నా ఫోన్లో పడద్ది. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తన్నా సరే, గేటు దగ్గర ఎవరు నిలబడ్డారో చూసేస్తాను."

"మాట కూడా వినపడద్దా?"

"మాటేటి, గొణిగినా పడద్ది."

డానీ నమ్మాడు. బోర్డులు చదివి నమ్మేవాళ్లు లోకంలో ఒకరైనా ఉండాలి కదా.

ఆ అమ్మాయి పేరు రోజలిన్ అనీ, తండ్రి సుందర్ రాజ్ గారు పోయాక తల్లి దీవెనమ్మతో ఇద్దరే ఉంటున్నారనీ, కుక్క ఒకప్పుడు ఉండేదనీ, ముసలిదై చచ్చిపోయిందనీ చర్చిలో తెలిసింది. కెమెరా గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

అప్పట్నుంచి ఆఫీసుకి బయల్దేరే ముందు డానీ కెమెరా కింద ఆగి, జుట్టు సర్దుకుని, "గుడ్ మార్నింగ్ అండీ" అనేవాడు. ఆదివారాలు "ప్రైజ్ ది లార్డ్" అనేవాడు. ఎప్పుడైనా రోజలిన్ ఎదురుపడితే పెదవి బిగబట్టి నవ్వు ఆపుకునేది. ఆ నవ్వు ఫోన్లో తనని చూసి దాచుకున్నదే అని అతని లెక్క. ఆమె చెప్పే లెక్కలకంటే ఇది సులువుగా తేలింది.

ఒక బుధవారం సాయంత్రం వాన పట్టుకుంది. వీధిలో పిట్ట లేదు. డానీ గొడుగు పట్టుకుని కెమెరా కింద నిలబడ్డాడు. గొడుగు చూరు నీళ్లన్నీ వీపు మీదే పడుతున్నాయి.

"రోజలిన్ గారూ, మీరిప్పుడు క్లాసులో ఉంటారు. తీరిగ్గా చూడండి. ఎదురుగా చెప్పాలంటే నాకు నోరు పెగలదు. మీరంటే నాకు చాలా ఇష్టం. కోప్పడినా బావుంటారు. ఒప్పుకుంటే రేపు పగటిపూట గేటు లైటు వెయ్యండి. ఇష్టం లేకపోతే ఏం చెయ్యొద్దు. నాకు అర్థమవుద్ది."

గేటు పక్క గోడ వెనకాల, రేకు కింద చేప పొలుసు గీకుతున్న చప్పుడు కాసేపు ఆగింది. డానీ పట్టించుకోలేదు.

మర్నాడు సెలవు పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాడు. లైటు వెలగలేదు. ఆ మర్నాడూ వెలగలేదు. రాత్రిళ్లు వెలిగేది గానీ, అప్పుడు వీధిలో అన్నీ వెలుగుతాయి.

అర్థమవుద్దని తనే అన్నాడు కాబట్టి, అర్థం చేసుకున్నాడు. కెమెరాకి నమస్కారాలు మానేశాడు. నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని ఇంటాయనకి చెప్పేశాడు. భీమిలి నుంచి రోజూ తిరగడం కష్టమే. ఆ కిటికీలోంచి ఆరిన లైటు చూస్తూ బతకడం అంతకంటే కష్టం.

ఆ వచ్చే బుధవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. వీధి వీధంతా తాళాలు వేసుకుని వెళ్లింది. తిరిగొచ్చేసరికి రెండిళ్ల తాళాలు విరిగి ఉన్నాయి. దీవెనమ్మ గారి తాళం చెక్కుచెదరలేదు. గేటు మీది కెమెరా లేదు. గేటు కింద బిస్కెట్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

కానిస్టేబుల్ చలమయ్య వాటిని వంగి చూశాడు. "కుక్కకి ఏసుంటాడమ్మా. అది ముట్టుకోలేదు. బిస్కెట్‌కి లొంగని కుక్కంటే ఎవడికైనా బయమే. మంచి కుక్కని పెంచేరు."

"పోయి మూడేళ్లయింది బాబూ," అంది దీవెనమ్మ.

చలమయ్య ఆ విషయం వదిలేశాడు. "కెమెరా పట్టుకుపోయినా రికార్డు లోపల ఉంటాది కదమ్మా. ఈ వారం రోజులదీ ఇవ్వండి. ఆడు ముందే వచ్చి చూసుకునుంటాడు. స్టేషన్లో అందరం కూకుని చూత్తాం."

మధ్యాహ్నం భోజనానికి ఆఫీసు నుంచి వచ్చిన డానీ ఆ మాట విన్నాడు. వారం రోజులదీ! స్టేషన్లో అందరూ కూర్చుని! తన గొడుగు, తన వీపు, తన ప్రేమ!

రోజలిన్‌ని మందారం చెట్టు పక్కకి పిలిచాడు.

"మీకు దండం పెడతాను. పోయిన బుధవారం సాయంత్రంది మాత్రం ఇవ్వకండి. మీరు కాదన్నారు, నాను సర్దుకున్నాను. పోలీసుల ముందు కూడా ఎందుకండీ?"

"నేనేటి కాదన్నాను?"

"లైటు వెయ్యలేదు కదా."

"ఏ లైటు?"

ఆమె మొహంలో నటన లేదు. కానిస్టేబుల్ వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "అది బొమ్మ కెమెరా. అమ్మ పూర్ణా మార్కెట్లో కొన్నది. దాంట్లో రెండు పెన్సిల్ బ్యాటరీలు తప్ప ఏమీ లేవు."

"మరి రోజూ నా గుడ్ మార్నింగ్..."

"మా మేడ మీద కర్టెన్ పక్కనుంచి చూసేదాన్ని. మా గేటుకి దండాలు పెడతన్నారు, మనిషి మంచోడే గానీ కాస్త తేడా అనుకున్నాను. వారం నుంచి మానేశారు. మా గేటు ఏం పాపం చేసిందా అని..."

"అంటే మీరు వినలేదు!"

"లేదు."

"కాదనలేదు!"

"ఏటి కాదనాలో తెలిస్తే కదా!"

వారం రోజులుగా గుండె మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. డానీకి నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు.

"పక్కింట్లో బీరువా పగిలితే ఈ బాబు నవ్వుతన్నాడేటి?" అన్నాడు చలమయ్య అనుమానంగా.

"ఆ బాబు దొంగ కాదులే. దొంగైతే ఇంత బిగ్గరగా సెప్పుకోడు," అంటూ దీవెనమ్మ కుర్చీలోంచి లేచింది. "రికార్డూ లేదు గికార్డూ లేదు బాబూ, అది బొమ్మది. దొంగ కూడా నమ్మేడు, పాపం."

చలమయ్య తల గోక్కున్నాడు. "బోర్డులకి బయపడ్డాడో, మీ తాళం గట్టిదో, అది మా స్టేషన్లో కూడా తేలదు." పుస్తకం మూసి పక్కింటికి వెళ్లాడు.

రోజలిన్ మాత్రం వదల్లేదు. "బుధవారం ఏం చెప్పారు?"

డానీ నోరు తెరిచాడు. నిజంగానే పెగల్లేదు.

"నాను విన్నాను," అంది దీవెనమ్మ. "గోడెనకాల సేపలు తోముతన్నాను. కెమెరాకి సెవులు లేవు గానీ నాకున్నాయి. ఆ రాత్రే పాస్టరమ్మకి ఫోన్ సేసి మీ ఇంటోళ్ల గురించి కనుక్కున్నాను. మంచోళ్లేనట."

"అమ్మా! వారం నుంచి నాకు చెప్పలేదేటి?"

"మనిషికి సెప్తాడో, డబ్బాకే సెప్పుకుంటాడో సూద్దామని. లైటు నానే ఏసేద్దును. నాను ఏత్తే బాగోదు కదా!"

డానీ చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి పైకి చూడలేదు, ఆమెనే చూశాడు. "రోజలిన్, మీరంటే నాకు ఇష్టం. ఒప్పుకుంటే గేటు లైటు వెయ్యండి. ఇష్టం లేకపోతే..."

ఆమె మాట పూర్తిగా వినకుండానే లోపలికి వెళ్లిపోయింది.

నడినెత్తిన ఎండ. ఆ ఎండలో గేటు లైటు వెలిగింది.

పక్కింటి అరుగు మీద నుంచి చలమయ్య కేకేశాడు. "అమ్మా, పట్టపగలు లైటెలుగుతంది, ఆర్పండి!"

"ఉండనివ్వండి," అంది రోజలిన్ గుమ్మంలోంచి. "దొంగలు తిరుగుతన్నారు కదా. ఒకడు దొరికాడు."