ఖాళీ కోత

మెట్ల కింద గదికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నమైనా బల్బు వేసుకోవాల్సిందే. మామగారి చిన్న లేత్ మిషను అక్కడే ఉంది. ఆయన పోయి మూడు నెలలైంది. నాకు పని నేర్పింది ఆయనే. కానీ ఆఖరి కోత మాత్రం ఎవర్నీ పెట్టనిచ్చేవారు కాదు. కుడిచేతి చూపుడువేలు సగమే ఉన్న మనిషికి అంత పట్టుదల! ఆ మిగతా సగం ఈ మిషనే మింగింది. తెగిన ముక్క ఎంత వెతికినా దొరకలేదట.

"అమ్మ కుట్టుమిషనుకి పిన్ను చేసిపెట్టు. సాయంత్రానికి అది నడిస్తే లేత్ నీదే. లేదంటే రేపు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా," అన్నారు మా ఆయన నవ్వుతూ. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది.

పిన్ను మందం సరిగ్గా 1.50 మిల్లీమీటర్లు ఉండాలి, కాస్త తగ్గినా పనికిరాదు. మిగిలిన స్టీలు కడ్డీ మూడు పిన్నులకే సరిపోతుంది. సన్నటి కడ్డీ కోతకి తట్టుకోలేక కాస్త పక్కకి వంగుతుంది. అందుకే కొలత మార్చకుండా కోసే టూలుని ఇంకోసారి నడిపితే, మరో 0.02 రాలుతుంది. మామగారు దాన్నే ఖాళీ కోత అనేవారు.

కడ్డీని పట్టి తిప్పే చక్‌లో బిగించి, మొదటిది సరిగ్గా 1.50కి తెచ్చి, మిషను ఆపి, చేతులు తుడుచుకున్నాను. మళ్ళీ కొలిస్తే 1.48. నా కళ్ళనే తిట్టుకున్నాను. రెండోదీ అంతే. ఈసారి చేతులు తుడుచుకుంటుంటే వెనకాల సన్నగా... స్‌స్‌స్... మిషను తిరిగిన చప్పుడు. లవంగం వాసన. మామగారి బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది.

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది.

"ఆయనేనమ్మా," అంది గుసగుసగా. "వదిలేసి వచ్చెయ్."

"రాను అత్తయ్యా."

భయం వేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. మూడోదాన్ని కావాలనే 1.52 దగ్గర ఆపాను. ఇప్పుడెలా తిప్పుతారో చూద్దామని ప్లగ్గు పీకేశాను.

చక్ ఆగింది.

మళ్ళీ... తిరిగింది.

టూలు నడిపే పిడి మీద నా చెయ్యి. దాని మీద చల్లగా... ఇంకో చెయ్యి. మూడు వేళ్ళు పొడుగ్గా. ఒకటి సగం.

"మామగారూ, ఈ పిన్ను నాది. కోత కూడా నాదే. చెయ్యి తియ్యండి."

తియ్యలేదు. నేనూ తియ్యలేదు. పళ్ళు బిగించి టూలు నడిపాను. వెంట్రుకలాంటి రజను రాలింది. చక్ ఆగింది.

1.50.

సాయంత్రం అత్తయ్య కుట్టుమిషను టకటకలాడింది. మా ఆయన లేత్ గది తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు.

తెల్లారి గది తాళం తీశాను. ఇంట్లో కడ్డీ ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు. అయినా చక్‌లో ఏదో బిగించి ఉంది. స్టీలు కాదు. తెల్లగా, చూపుడువేలిలో సగం పొడవు...

మైక్రోమీటరు పెట్టాను. 1.52.

ఆఖరి కోత నాకే వదిలారు.