పోర్ట్ 3000లో ఎవరున్నారు?

తైవాన్‌లోని షిన్‌చూ నగరంలో ఒక చిప్ డిజైన్ కంపెనీలో పన్నెండున్నరకి లైట్లు ఆర్పేశారు. భోజనాలు ముగించిన ఇంజనీర్లందరూ బల్లల మీద దిండ్లు వేసుకుని కునుకు తీస్తున్నారు. ఒంటిగంట దాకా అక్కడ చప్పుడు చేయడం మహాపాపం.

మెలకువగా ఉన్నవాడు ఒక్కడే. మెడలో టెస్టింగ్ ఇంజనీర్ బ్యాడ్జీ వేసుకున్న ఏజెంట్ గువాన్ యీలున్.

పొద్దున గూఢచారి సంస్థ చీఫ్ మేడమ్ ఫాన్ బ్రీఫింగ్ క్లుప్తంగానే ఇచ్చింది.

“తీరం రాడార్ ప్లాన్లు ఆ కంపెనీలో నీ బల్ల మీది మెషిన్‌లో ఉన్నాయి. సరిగ్గా ఒంటిగంటకి విదేశీ ముఠా దాని తలుపుల్లో ఒకటైన పోర్ట్ 3000లో కనెక్టై వాటిని లాగేస్తుంది. ఆ లోపు అక్కడ మన సర్వర్ ప్రోగ్రామ్ ఉండాలి. దొంగ ప్లాన్లిచ్చి వాళ్ల అడ్రస్ పట్టేస్తుంది. అసలువి పోతే మన తీరం గుడ్డిదైపోతుంది. లోపల జో మన్‌లీ మన మనిషే. ఇంకోటి, సర్వర్ స్టార్ట్ చేసే ముందు పోర్ట్ ఖాళీగా ఉందో లేదో చూడు.”

“అది కూడా చెప్పాలా మేడమ్?”

ఇప్పుడు యీలున్ లావుపాటి బబుల్ టీ స్ట్రాలో దాచిన పెన్‌డ్రైవ్ తీసి మెషిన్‌కి గుచ్చి, పన్నెండూ యాభైకి సర్వర్ స్టార్ట్ చేశాడు. ‘రన్నింగ్’ అని పచ్చగా వచ్చింది. కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. యాభై అయిదుకి గానీ కింది చిన్న అక్షరాలు కంటబడలేదు. ‘3000 ఖాళీ లేదు. 3001లో నడుస్తోంది.’

ఒళ్లు మండిపోయింది.

“అడక్కుండా పక్క పోర్ట్‌లో దూరిందా, దరిద్రపుది!”

పక్క బల్ల మీద దిండులోంచి తూ అనే సీనియర్ ఇంజనీర్ విసుక్కున్నాడు. “ఏంటయ్యా గొణుగుడు? పడుకోనివ్వవా?”

3000లో ఉన్న ప్రోగ్రామ్‌ని ఆపాడు. రెండు సెకన్లలో మళ్లీ లేచింది. మళ్లీ ఆపాడు, మళ్లీ లేచింది. దాన్ని కాపలా కాసే ప్రోగ్రామ్ ఇంకోటి ఎక్కడో ఉంది. వెతుకుతుంటే తూ తల ఎత్తాడు.

“ఆ టకటక ఆపుతావా, హెచ్‌ఆర్‌ని పిలవనా?”

“అయిపోయిందన్నా, ఒక్క నిమిషం!”

ఒక్కో కీ మెల్లగా నొక్కుతుంటే ఏడుపొచ్చినంత పనైంది. యాభై తొమ్మిదికి కాపలా ప్రోగ్రామ్ దొరికింది. దాని యజమాని పేరు జో మన్‌లీ.

ఎదుటి బల్ల దగ్గర మన్‌లీ కళ్లకి పట్టు గంతలు కట్టుకుని అందంగా నిద్రపోతోంది. పొద్దున నవ్వుతూ టీ ఇచ్చిన మనిషి. ముఠాకి అసలు ప్లాన్లు అందించబోయేది ఆమేనని తెలిసి అతని మనసు చివుక్కుమంది.

ముందు కాపలాని చంపాడు, తర్వాత 3000లోని ఆమె సర్వర్‌ని. ‘3000 దొరక్కపోతే ఎక్కడికీ పోకు’ అని ఆజ్ఞ రాసి తనది స్టార్ట్ చేశాడు. పోర్ట్ పట్టింది. మూడు సెకన్లకి ఒంటిగంటై లైట్లు వెలిగాయి, కనెక్షన్ వచ్చింది. దొంగ ప్లాన్లు పోయాయి, ముఠా అడ్రస్ తెర మీదికి వచ్చింది.

మన్‌లీ గంతలు తీసి తన తెర చూసుకుంది. మొహం పాలిపోయింది.

“నా సర్వర్ ఎవరాపారు?”

“నేనే, మన్‌లీ. మావాళ్లు గుమ్మంలో ఉన్నారు. బ్యాగ్ తీసుకో.”

చెవిలో చీఫ్ గొంతు పలికింది. “భేష్! ముఠా దొరికింది. రిపోర్ట్ పంపు. పన్నెండూ యాభై నుంచి యాభై అయిదు దాకా ఏం చేశావో కూడా రాయి.”

యీలున్ ‘పోర్ట్ చెక్ చేస్తూ ఉన్నాను’ అని టైప్ చేశాడు. ఎంతైనా గూఢచారి కదా, అబద్ధమాడటం అలవాటే.