డిసెంబరు ముప్పై ఒకటిలోగా

తలుపు తీసిన పావు నిమిషానికే ఎమిల్ సిర్ దాన్ని మళ్లీ మూసేయబోయాడు.

"మాకు కిటికీలు అక్కర్లేదండీ."

"నేను కిటికీలమ్మే మనిషిని కాదు," అంది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి. రెండు భుజాలకీ రెండు పెద్ద సంచులు, నెత్తిన నారింజ రంగు ఉన్ని టోపీ, చలికి కందిపోయిన ముక్కు.

"తలుపులు కూడా అక్కర్లేదు."

"నాకు మాత్రం మీ తలుపు కావాలి. ఓ రెండు గంటలు."

అక్టోబరు వచ్చిందగ్గర్నుంచీ ఆ మంచు ఊరు మడవాస్కాలో ఇదే తంతు. ఇంట్లోకి చలి దూరకుండా మరమ్మతులు చేయించుకున్నవాళ్లకి ప్రభుత్వం పన్నులో ఇచ్చే రాయితీ ఆ డిసెంబరు ముప్పై ఒకటితో ఆఖరు. దాంతో కిటికీలవాళ్లూ తలుపులవాళ్లూ ఊరి మీద పడ్డారు. ఆ వారంలోనే ముగ్గురిని సాగనంపాడు ఎమిల్. ఈమె నాలుగోది. తలుపు వేసేశాడు.

"ఒరేయ్! ఆ పిల్లని రమ్మన్నది నేనే!" లోపల్నుంచి మెమే కేకేసింది. ఆమె ఎమిల్ నానమ్మ. ఆ ఊళ్లో నానమ్మలని మెమే అనే పిలుస్తారు. "బయట నిలబెట్టి గడ్డకట్టించేస్తావా ఏంటి?"

ఎమిల్ మళ్లీ తలుపు తీశాడు. ఆ అమ్మాయి అక్కడే ఉంది. నవ్వు బిగబట్టుకుంటోంది.

"థియా బ్రాగ్డన్. ప్రెస్క్ ఐల్ నుంచి వచ్చాను. ఇంట్లో వేడి ఎక్కణ్ణించి పోతోందో చూసి చెప్పడం నా పని. ఇప్పుడు నాకు తెలిసిందేంటంటే, ఈ ఇంట్లో చలి లోపలికి రావడం సులువు, మనుషులు రావడమే కష్టం."

ఎమిల్ చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్లవాడు. ఇంటి వెనక షెడ్డులో స్నోమొబైళ్లు, అంటే మంచు మీద నడిచే బళ్లు, బాగుచేస్తాడు. ఇంజన్లతో ఎంతసేపైనా మాట్లాడగలడు, అమ్మాయిలతోనే మాట పెగలదు.

థియా గుమ్మానికి అడ్డంగా ఒక ఎర్ర గుడ్డ బిగించింది. దాని అడుగున పెద్ద ఫ్యాను పెట్టింది. అది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తే, గోడల్లో ఎక్కడెక్కడ సందులున్నాయో అక్కణ్ణించి బయటి గాలి లోపలికి వస్తుందట.

"పొయ్యిలో బూడిద తీసేశారా?"

"తీశాను," అన్నాడు ఎమిల్.

తీసిన మాట నిజమే. పోయిన వారం.

ఫ్యాను తిరిగింది. రెండు క్షణాల తర్వాత కట్టెల పొయ్యి ఒక్కసారి తుమ్మినట్టయి, వారం రోజుల బూడిద హాల్లోకి వచ్చి పడింది. మెమే తెల్ల పిల్లి బిజూ బూడిద రంగు పిల్లిలా మారి సోఫా కిందికి పారిపోయింది. బూడిద మబ్బు తగ్గాక చూస్తే థియా కళ్లు తప్ప ముఖమంతా బూడిదే.

"తీశానన్నారు?"

"అంటే... ఏ రోజు తీశానని మీరడగలేదు కదా."

థియా అతన్ని కాసేపు కోపంగానే చూసింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. కుర్చీలో కూర్చున్న మెమే కూడా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఎమిల్‌కి మాత్రం ఆ బూడిద ముఖం మీంచి చూపు తిప్పుకోవడం కష్టమైంది.

కానీ మేడ మీద మెమే గదిలోకి వెళ్లాక ఎవరూ నవ్వలేదు. థియా చేతిలో చలి ఉన్నచోటల్లా నీలంగా చూపించే కెమెరా ఉంది. అందులో పైకప్పంతా ముదురు నీలం. దాని మీద అటకలో చలి ఆపేది ఏదీ లేదు. మంచం మీద దుప్పట్ల కింద మెమే పెద్ద కోటూ, రెండు టోపీలూ మడతపెట్టి ఉన్నాయి.

"మెమే, కోటేసుకుని పడుకుంటున్నావా?"

"అయితే ఏమైంది? నిప్పంటుకుంటే పరిగెత్తడానికి తయారుగా ఉంటాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ గది నాకిచ్చి నువ్వు ఇక్కడ పడుకుంటావు. నీ సంగతి నాకు తెలీదూ?"

ఎమిల్ తల దించుకుని దుప్పటి సర్దాడు. థియా అటు తిరిగి, రాయాల్సిందేమీ లేకపోయినా, ఏదో రాసుకుంటున్నట్టు కాగితం వైపు చూస్తూ నిలబడింది. ఆ మర్యాద అతనికి నచ్చింది.

వారం తర్వాత ఆమె రిపోర్టు తీసుకుని వచ్చింది. అయితే మొదటి పేజీ మాత్రమే తెచ్చింది, మిగతావి ఇంకా తయారు కాలేదంది. మెమే జొన్నరొట్టె రంగులో ఉండే బక్‌వీట్ అట్లు పోసింది. ఆ ఊరివాళ్లు ప్లోయ్‌లనే ఆ అట్లకి వెన్న రాసుకుని చుట్టి తింటూ థియా రాయితీ సంగతి చెప్పింది.

"అటకలో చలి ఆపే పీచు నింపితే, ఆ సరుకు ఖర్చులో ముప్పై శాతం దాకా పన్నులో తగ్గుతుంది. బయటి గాలిలోంచి వేడి లాగి ఇంటిని వెచ్చబరిచే మిషను, హీట్ పంపు, పెడితే దానికీ ఉంది. కానీ డబ్బు కట్టేస్తే చాలదు, డిసెంబరు ముప్పై ఒకటిలోగా పని పూర్తవ్వాలి."

"మెమే పేరు మీద అడుగుదామా?"

"ఆవిడ పన్నే కట్టనప్పుడు దాంట్లోంచి ఏం తగ్గిస్తారు? ఇల్లు మీ పేరున ఉంది. ఉండేదీ ఇక్కడే. పన్ను కట్టేదీ మీరే. మీరే అడగాలి." ఆగి, కొంచెం తడబడి అడిగింది. "ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా? అంటే... భార్య?"

"ఆ ప్రశ్న ఫారంలో ఉందా?" అంది మెమే.

"లేదు," అంది థియా, ప్లోయ్ వైపు చూస్తూ.

మెమే ఆమె పళ్లెంలో ఇంకో రెండు వేసింది.

నవంబరు మొదట్లో రెండో పేజీ వచ్చింది. ఆ రోజు మంచు మొదలైంది. ఎమిల్ ఆమెకి షెడ్డు చూపించాడు. అరవై ఏళ్లనాటి స్నోమొబైల్ ఇంజను ఎలా దగ్గుతుందో గొంతుతో చేసి చూపించాడు. చిన్నప్పుడు తాము ఉన్న ఇంట్లో మంచం పక్కన పెట్టుకున్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టేవని ఆమె చెప్పింది. "అందుకే ఈ పనిలోకొచ్చాను. నాకు చలంటే పగ," అంది.

హీట్ పంపు బిగించే రోలాండ్‌కి ఎమిల్ డిసెంబరు పదిన రమ్మని చెప్పాడు. అంతా బాగానే ఉంది.

అప్పుడు పక్కింటి జెరార్ షెడ్డుకొచ్చి, స్నోమొబైల్ మీద కూర్చుని, పనిలో పనిగా ఒక మాట వదిలాడు.

"ఆ టోపీ పిల్లేనా మీ ఇంటికొస్తోంది? అందరితోనూ అంతే తియ్యగా ఉంటుందిలే. హీట్ పంపుల వాళ్ల దగ్గర కమీషన్ తింటుందిట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

అందరూ అంటే ఎవరో ఎమిల్ అడగలేదు. తనలాంటివాడి కోసం అంత అందమైన అమ్మాయి ఊరికే ఎందుకొస్తుంది అన్న అనుమానం అతని మనసులో ముందునుంచే ఉంది. జెరార్ మాట దానికి తోడైంది.

మూడో పేజీతో థియా వచ్చినప్పుడు గుమ్మంలోనే అడిగేశాడు.

"హీట్ పంపుకి మీకెంత ముడుతుంది?"

"అర్థం కాలేదు."

"కమీషన్. నాలుగుసార్లు వచ్చారు కదా, గిట్టుబాటు కావాలిగా."

నారింజ టోపీ కింద ఆమె ముఖం పాలిపోయింది. పేజీని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"నా ఫీజు మీ మెమే మొదటి రోజే ఇచ్చేశారు. అంతకు మించి నాకెవరూ ఏమీ ఇవ్వరు. ఉంటానండీ."

పెనం మీద ప్లోయ్ మాడుతుండగా మెమే బయటికొచ్చేసరికి కారు వెళ్లిపోయింది.

అదే కోపంలో ఎమిల్ రోలాండ్‌కి ఫోన్ చేసి పని వద్దన్నాడు. "కారణమేంటో మీకు తెలుసు. ఆ అమ్మాయికి మీరు కమీషనిస్తారు," అన్నాడు.

అవతల రోలాండ్ విరగబడి నవ్వాడు.

"థియాకా? మేమా? ఒరే బాబూ, పోయినేడు మేమో ఇంటికి పెద్ద మిషను రాసిస్తే, ఈ ఇంటికి ఇందులో సగం చాలు అని రిపోర్టులో రాసి మా బేరం చెడగొట్టింది. ఆ పిల్ల పేరు చెప్తేనే మా ఓనరుకి తలనొప్పి!"

"అయితే... నా డిసెంబరు పది?"

"నువ్వు వద్దనగానే తర్వాతివాళ్ల పేరు రాసేశాగా. లైన్లో నలభై మంది ఉన్నారు. ఇంక ఫిబ్రవరే."

మెమే అంతా విని, చెప్పాల్సింది ఒక్క ముక్కలో చెప్పింది. "మిషను పోతే పోయింది. పిల్ల సంగతి చూడు."

ఫోన్ చేస్తే థియా ఎత్తలేదు. శనివారం కారిబూ ఊరి లైబ్రరీలో ఆమె ఈ రాయితీ గురించి మాట్లాడుతుందని తెలిసి, మంచులో గంటసేపు కారు నడుపుకుంటూ వెళ్లాడు. చివరి వరసలో కూర్చున్నాడు. ఆమె చూసింది, చూడనట్టే చెప్పుకుపోయింది. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగేసరికి అతని చెయ్యి తనంతట తానే లేచింది.

"ఒకడు ఒక మంచి మనిషిని ఊరికే అనుమానించాడు. నోటికొచ్చింది అన్నాడు. ఆ తప్పు దిద్దుకుంటే ఏమైనా రాయితీ ఉంటుందాండీ?"

గదిలో అందరూ వెనక్కి తిరిగారు.

"దానికి రాయితీ లేదు," అంది థియా. "జరిమానా ఉంది."

"ఎంతైనా కడతాను."

"ఎవరి మాట విని అలా అన్నాడట?"

"అందరూ అంటున్నారంటే, ఎవరని కూడా అడగని వెధవండీ వాడు."

ముందు వరసలో ఒక ముసలాయన విసుక్కున్నాడు. "మీ గొడవ తర్వాత. నా కిటికీల సంగతేంటమ్మా?"

అందరూ నవ్వారు. థియా కూడా.

బయట కారు మీద మంచు తుడుస్తూ ఆమే మాట కలిపింది. "హీట్ పంపు ఈ ఏడాదికి లేనట్టే. అటక మాత్రం మీరే చేసుకోవచ్చు. పీచు బస్తాలు కొంటే కొట్టువాళ్లు దాన్ని అటకలోకి ఊదే మిషను ఇస్తారు. సరుకుకి రాయితీ వస్తుంది."

"నాకు చేతనవుతుందా?"

"ఒక్కరే చేస్తే, చూరు కింద తెరిచి ఉంచాల్సిన గాలి దారులు కూడా మూసేస్తారు మీరు. నేనొచ్చి పక్కన నిలబడతాను. అదే జరిమానా అనుకోండి, రోజంతా నా తిట్లు వినాలి."

కొట్టులో మిషను దొరికేసరికి డిసెంబరు ముప్పై అయింది. వాకిట్లో మిషను, దాని పక్కన పాత న్యూస్‌పేపర్లు చిన్నచిన్న తునకలు చేసి నింపిన బస్తాలు. బస్తాలు విప్పి పోసే పని జెరార్‌ది. చేసిన తప్పుకి మెమే వేసిన శిక్ష. స్విచ్చు దగ్గర మెమే స్వయంగా. గొట్టం అటక కిటికీలోంచి లోపలికి. లోపల మోకాళ్ల మీద ఎమిల్, థియా, వాళ్ల చుట్టూ హోరుమని ఎగురుతున్న బూడిద రంగు పీచు.

"ఆ మూలకి! అటు కాదు!" అని అరిచింది థియా.

"ఏంటీ?"

"మూలకి!"

"వినపడట్లేదు!" అని ఎమిల్ అరిచాడు. ఈ హోరులో ఏమన్నా ఎవరికీ వినపడదు కదా అన్న ధైర్యం అప్పుడే వచ్చింది. ఊపిరి పీల్చుకుని, గొంతెత్తి, "నువ్వంటే నాకు చాలా ఇష్టం థియా!" అన్నాడు.

సరిగ్గా అతను నోరు తెరిచిన క్షణంలోనే మిషను ఆగిపోయింది. ఆ మాట అటక కిటికీలోంచి వీధంతా వెళ్లింది. ఎదురింటి ముందు మంచు ఎత్తుతున్న ఆవిడ పార పక్కన పెట్టేసింది.

"కరెంటు పోయిందా?" అన్నాడు ఎమిల్ సన్నటి గొంతుతో.

"నేనే ఆపాను," అని కింద నుంచి మెమే అరిచింది. "ఇద్దరూ ఏదో అరుచుకుంటుంటే ఏంటో విందామని!"

థియా కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "మెమే, మిషను వెయ్యండి! ఇంకా ఆరు బస్తాలున్నాయి!"

"ముందు వాడికి జవాబు చెప్పు. తర్వాత వేస్తా."

"గడువు దాటిపోతుంది మెమే!"

"దాటనీ."

థియా వెనక్కి తిరిగింది. పీచు అంటుకుని అతని కనుబొమలు రెండూ ముసలాయన కనుబొమల్లా ఉన్నాయి.

"రిపోర్టులు నేను అందరికీ ఈమెయిల్‌లో పంపిస్తాను, ఎమిల్," అంది మెల్లగా. "మొత్తం ఒకేసారి, రెండ్రోజుల్లో. అరవై మైళ్లు కారు నడుపుకుంటూ ఒక్కో పేజీ తెచ్చిచ్చింది నీ ఒక్కడికే."

ఎమిల్ కనుబొమల మీది పీచు తుడుచుకోబోయి ముక్కుకి రాసుకున్నాడు.

"ఏమంది?" అని కింద జెరార్ అడిగాడు.

"వినపడలేదు!" అని మెమే అరిచింది.

థియా మళ్లీ కిటికీలోంచి వంగింది. "నాకూ ఇష్టమే అన్నానండీ!"

ఎదురింటావిడ చప్పట్లు కొట్టింది. మెమే స్విచ్చు వేసింది. చేతిలో గొట్టం ఉన్న సంగతి మరిచిపోయిన ఎమిల్ మీదికే గుప్పెడు పీచు ఎగిరిపడింది.

సాయంత్రం నాలుగు కాకుండానే ఆఖరి బస్తా ఖాళీ అయింది. ఏడాదిలో ఇంకా ఒక రోజు మిగిలే ఉంది.

"రేపేం చేద్దాం?" అన్నాడు ఎమిల్, ఆమె జుట్టులోంచి పీచు ఒక్కొక్కటే తీస్తూ.

"మా ఇంటికి రా. అమ్మ నిన్ను చూడాలంటోంది," అంది థియా. "భయపడకు, మా ఇంటికి అటక లేదు."