గువామ్ గోతిలో మొదటి ముక్క

గువామ్ దీవి ఉత్తరపు కొండ మీద ఓ పాత తుపాకీ గొయ్యి ఉంది. అందులో ముగ్గురు దిగితే నాలుగు ఊపిరులు వినిపిస్తాయని దానికి పేరు. పంతొమ్మిది వందల నలభైనాలుగులో జపాను వాళ్ళ నుంచి దీవిని లాక్కునే రోజుల్లో, ఆ గోతిలో కాపలా కాసిన అమెరికా మెరైన్ సైనికుడొకడు తెల్లారడం చూడలేదు. అప్పట్నుంచీ చీకటి పడితే అడవిపందులు కూడా దాన్ని చుట్టు తిరిగి పోతాయి.

కానీ సార్జంట్ టీగ్ అంటే ఎవరనుకున్నారు? ఎడారిలో ఇసుక తుపాను ఎదురొస్తే ఒక్క కేకతో దాన్ని పక్కకి తప్పించినవాడు! ఆయన కాలు పెట్టిన మందుపాతర, జడిసి, పేలడమే మరిచిపోయింది!

అంతటివాడికీ ఒక్కటే వెలితి. నవంబరు పది మెరైన్ దళం పుట్టినరోజు. యుద్ధంలో ఉన్నా, నడిసంద్రంలో ఉన్నా కేకు కోయాల్సిందే. మొదటి ముక్క అక్కడున్నవాళ్ళలో వయసులో పెద్దవాడిది, రెండోది చిన్నవాడిది. ఇరవయ్యేళ్ళ కొలువులో ఏటా తనకంటే పెద్దవాడు ఎవడో ఒకడు తగులుతూనే ఉన్నాడు. డిసెంబరులో విరమణ... ఇదే ఆఖరి నవంబరు.

ఆ పదో తేదీ రాత్రి యుద్ధ సాధనలో ఇద్దరు కుర్రాళ్ళతో ఆ గోతిలోనే దిగాడు. వాన — సముద్రాన్ని బోర్లించినట్టు. దీపం వెలిగిస్తే ఎదుటి జట్టు పట్టేస్తుంది.

"సార్జంట్... ఇక్కడొద్దు," గొణిగాడు ప్రూయిట్.

"నోర్ముయ్. కేకు తియ్. ఇవాళ నేనే పెద్ద!"

"పెద్దేంటి, తాతే," కిసుక్కుమన్నాడు డెల్గాడో. "నమలగలరా, నానబెట్టి ఇమ్మంటారా?"

టీగ్ పొట్లం చింపి, చీకట్లోనే కత్తితో కేకు కోశాడు. మొదటి ముక్క నోటిదాకా తెచ్చి ఆగాడు. పద్ధతి పద్ధతే.

"మనలో చిన్నవాడెవడ్రా?"

"నేనే సార్జంట్. పంతొమ్మిది," అన్నాడు ప్రూయిట్.

మూల నుంచి ఇంకో గొంతు...

"నాకు పదిహేడు, సార్జంట్."

"డెల్గాడో, వేషాలేశావంటే పళ్ళు రాలతాయ్!"

"నేను... మీ పక్కనే ఉన్నా, సార్జంట్," అన్నాడు డెల్గాడో.

టీగ్ మూలవైపు తిరిగాడు.

"ఎప్పుడు... పుట్టావ్?"

"పంతొమ్మిది వందల ఇరవై ఏడు."

వాన కూడా ఊపిరి బిగబట్టింది.

"అయితే సార్జంట్..." గుసగుస దగ్గరికొచ్చింది. "పెద్దవాణ్ణీ నేనే కదా?"

ఇరవయ్యేళ్ళ ఆశ పెదవికి బెత్తెడు దూరంలో ఉంది. తినేస్తే అడిగేవాడెవడు? రెండో ముక్క కూడా కోసి, చెయ్యి చీకట్లోకి చాచాడు.

"నీదేరా అబ్బాయ్. రెండు ముక్కలూ నీవే."

మంచుగడ్డల్లాంటి వేళ్ళు అరచేతిని తడిమాయి. ముక్కలు లేవు.

ఆ తర్వాత టీగ్ ఆ దీవిలోనే ఇల్లు కట్టుకున్నాడు. ఏటా అదే రాత్రి కేకు పట్టుకెళ్ళి గోతిలో కూచునేవాడు. జుట్టు నెరిసింది, నడుం వంగింది. మొదటి ముక్క మాత్రం ఏ ఏడూ దక్కలేదు.

కిందటి అక్టోబరులో పోయాడు. నవంబరు పదిన కొత్త కుర్రాళ్ళు ముగ్గురు ఆ గోతిలో కేకు కోశారట. వినిపించినవి... ఐదు ఊపిరులు.

మూల నుంచి ఓ ముసలి గొంతు సణిగిందట —

"చచ్చాక కూడా వీడేనా పెద్ద!"